ఫెయిలోవర్ క్లస్టర్ ఆరోగ్య పర్యవేక్షణ: గిట్‌హబ్ 2012, 2018 నివేదికలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక సర్వర్ ఆగిపోతే మరొక సర్వర్ దాని పని అందుకొనే ఏర్పాటును ఫెయిలోవర్ క్లస్టర్ అంటారు. ఆ పని ఎప్పుడు చేతులు మారాలో నిర్ణయించడానికి ఆధారం ఆరోగ్య పర్యవేక్షణ. గిట్‌హబ్ సంస్థ తన సేవల్లో కలిగిన అంతరాయాలపై 2012, 2018 సంవత్సరాల్లో స్వయంగా ప్రచురించిన నివేదికలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పనిచేస్తున్న సర్వర్ బతికి ఉందా అన్న ప్రశ్న చుట్టూనే పర్యవేక్షణ తిరిగిందనీ, పని అందుకోబోయే సర్వర్ యోగ్యత అన్న ప్రశ్న వెనుకబడిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫెయిలోవర్, ఆరోగ్య పర్యవేక్షణ, డేటాబేస్, రెప్లికా, స్ప్లిట్ బ్రెయిన్, గిట్‌హబ్.

1. ఉపోద్ఘాతం

డేటాబేస్ క్లస్టర్‌లో సాధారణంగా ఒక సర్వర్ మాత్రమే రాతలను స్వీకరిస్తుంది. దానిని ప్రైమరీ అంటారు. దాని రాతలను నకలు చేసుకొంటూ ఉండే తక్కిన సర్వర్లు రెప్లికాలు. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ కొన్ని క్షణాలకొకసారి ప్రైమరీని పలకరిస్తుంది. గడువులోగా జవాబు రాకపోతే ఒక రెప్లికాను ప్రైమరీ స్థానంలోకి తెస్తుంది.

ఈ పద్ధతిలోని చిక్కు మౌనాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. జవాబు రాకపోవడానికి సర్వర్ ఆగిపోవడమే కారణం కానక్కరలేదు. అది పనిభారంతో నెమ్మదించి ఉండవచ్చు, లేదా మధ్యలో నెట్‌వర్క్ తెగి ఉండవచ్చు. సందేశం చేరడానికి కాలపరిమితి లేని వ్యవస్థలో ఆగిన యంత్రాన్నీ, ఆలస్యమైన యంత్రాన్నీ నిశ్చయంగా వేరుచేయడం సాధ్యం కాదు. తుషార్ చంద్ర, సామ్ టోగ్ 1996లో ప్రచురించిన పత్రం ఈ పరిమితిని అంగీకరించి, వైఫల్యాన్ని పసిగట్టే సాధనాలకు రెండు గుణాలను నిర్దేశించింది. ఆగిన యంత్రాలన్నింటినీ చివరికి అనుమానించడం సంపూర్ణత. బతికి ఉన్నవాటిని తప్పుగా అనుమానించకపోవడం నిర్దుష్టత. గడువు తగ్గిస్తే అనుమానం త్వరగా పుడుతుంది, కాని నిర్దుష్టత దెబ్బతింటుంది. గడువు పెంచితే తప్పుడు అనుమానాలు తగ్గుతాయి, కాని నిజంగా ఆగిన యంత్రం ఆలస్యంగా బయటపడుతుంది.

2. 2012 నివేదిక: అలసటకు మరణమని పేరు

2012 సెప్టెంబర్‌లో గిట్‌హబ్ డేటాబేస్‌లో జరిగిన ఒక నిర్మాణ మార్పు ప్రైమరీపై అంతకుముందెన్నడూ చూడనంత భారం మోపింది. ఆ భారానికి ఆరోగ్య పరీక్ష విఫలమైంది. క్లస్టర్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ప్రైమరీ చెడిపోయిందని భావించి దానిని ఆపి, బాధ్యతను మరొక సర్వర్‌కు అప్పగించింది. కొత్త సర్వర్ మెమరీలో తరచూ అవసరమయ్యే సమాచారమేదీ అప్పటికి చేరలేదు. సైటు రద్దీ మొత్తం ఒక్కసారిగా మీద పడడంతో అదీ పరీక్షలో విఫలమైంది. బాధ్యత మళ్లీ పాత సర్వర్‌కే చేరింది. చివరకు నిర్వాహకులు ఆరోగ్య పరీక్షలనే నిలిపివేయవలసి వచ్చింది.

మరునాడు జరిగినది మరింత తీవ్రమైనది. నిర్వహణ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల క్లస్టర్ రెండు ముక్కలైంది. తాజా సమాచారం లేదని నిర్వాహకులు అప్పటికే గుర్తించిన సర్వర్ ఒంటరిగా ప్రైమరీ అయింది. దానిని ఆపేవరకు గడిచిన 7 నిమిషాల్లో 16 ప్రైవేట్ రిపాజిటరీలు సంబంధం లేని వ్యక్తులకు అందుబాటులోకి వచ్చాయి.

మనిషిని అడిగి ఉంటే మొదటి రోజు మార్పులకు అంగీకరించేవాడు కాడని నివేదిక స్పష్టంగా అంగీకరించింది. ఇకపై ప్రధాన డేటాబేస్ బాధ్యత నిర్వాహకుల ఆదేశంతో మాత్రమే మారుతుందని ప్రకటించింది. నివేదిక ప్రధానంగా సరిదిద్దినది నిర్ణయాధికారాన్ని. నిర్ణయానికి ఆధారమైన ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

3. 2018: సాక్షులు పెరిగారు

2018 జూన్‌లో సంస్థ తన కొత్త ఏర్పాటును వివరిస్తూ ఒక సాంకేతిక వ్యాసం ప్రచురించింది. నిర్ణయం మళ్లీ యంత్రానికి చేరింది. అయితే ఇది పాత యంత్రం కాదు. ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ ప్రైమరీ తనకు కనబడటం లేదని గమనించి ఊరుకోదు. రెప్లికాలకైనా కనబడుతోందా అని చూస్తుంది. ఆర్కెస్ట్రేటర్ ప్రతులు వేర్వేరు డేటా సెంటర్లలో ఉండి, రాఫ్ట్ పద్ధతిలో మెజారిటీ అంగీకారంతో నడుస్తాయి. ఎక్కువ సందర్భాల్లో అంతరాయం 10 నుంచి 13 సెకన్లకు మించదని వ్యాసం పేర్కొంది. డేటా సెంటర్ ఒంటరైతే అందులోని ప్రైమరీకి రాతలు కొనసాగి, స్ప్లిట్ బ్రెయిన్ ఏర్పడవచ్చనే పరిమితిని కూడా దాచలేదు.

నాలుగు నెలలకే ఆ పరిమితి అనుభవంలోకి వచ్చింది. అక్టోబర్ 21న నెట్‌వర్క్ పరికరం మార్చే పనిలో అమెరికా తూర్పు తీరపు డేటా సెంటర్‌కు సంబంధం 43 సెకన్లు తెగింది. మిగిలిన ఆర్కెస్ట్రేటర్ ప్రతులు మెజారిటీగా ఏర్పడి, ప్రైమరీ బాధ్యతను పశ్చిమ తీరానికి మార్చాయి. తూర్పున కొద్ది సెకన్లపాటు జరిగిన రాతలు పశ్చిమానికి చేరలేదు. సంబంధం తిరిగి కలిశాక, దాదాపు 40 నిమిషాలపాటు పశ్చిమాన జరిగిన రాతలు తూర్పున లేవు. ఏ ఒక్క ప్రతీ సంపూర్ణం కానందున వెనక్కి మళ్లడం సురక్షితం కాలేదు. బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో తూర్పున చిక్కుకొన్న రాతలు 954. సేవలు పూర్తిగా కోలుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

4. విమర్శ

ఆర్కెస్ట్రేటర్ తనకు నిర్దేశించినట్లే నడుచుకొందనీ, ఆ మార్పును భరించే స్థితిలో అప్లికేషన్లు లేవనీ 2018 నివేదిక చెబుతుంది. ఈ వాక్యాన్ని నిజాయితీగల ఒప్పుకోలుగా గుర్తించాలి. అయితే అది పర్యవేక్షణకు నిర్దోషిత్వాన్ని కూడా ప్రసాదిస్తోంది. ఖండం ఆవలి తీరంలోని డేటాబేస్‌తో అప్లికేషన్లు పనిచేయగలవా అన్నది బాధ్యత మారకముందే తెలుసుకోదగిన విషయం. దానిని ఆరోగ్య నిర్వచనంలో చేర్చకపోవడం రూపకల్పనలోని లోపం.

రెండు ఘటనలనూ పక్కపక్కన పెడితే పోలిక స్పష్టమవుతుంది. 2012లో ఒకే సాక్షి పొరపడింది. 2018లో సాక్షులు పెరిగారు; వారి సాక్ష్యం అబద్ధం కాదు. తూర్పు డేటా సెంటర్ వారికి నిజంగానే కనబడలేదు. అయినా నష్టం జరిగింది. కాబట్టి సాక్ష్యం ఎంత బలపడినా, అడిగిన ప్రశ్న చాలనిదైతే తీర్పు సరైనది కాదు. 2012లో కొత్త సర్వర్ సన్నద్ధంగా లేదు. మరునాడు ప్రైమరీ అయిన సర్వర్ సమాచారంలో వెనుకబడి ఉంది. 2018లో కొత్త ప్రైమరీ అప్లికేషన్లకు దూరమైంది. మూడూ పని అందుకొన్న సర్వర్ ఆరోగ్యానికి సంబంధించిన విషయాలే.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2017లో చర్చించిన గ్రే ఫెయిల్యూర్ భావన ఇక్కడ ఉపకరిస్తుంది. వాడుకరి బాధపడుతున్నా పర్యవేక్షణకు అంతా సవ్యంగానే కనిపించే స్థితిని వారు వివరించారు. అంటే ఆరోగ్యం యంత్రంలో మాత్రమే ఉండే గుణం కాదు. చూసేవారి స్థానాన్ని బట్టి మారే సంబంధం.

దీనికొక ఆక్షేపణ ఉంది. షరతులు పెంచుకొంటూ పోతే ప్రైమరీ నిజంగా ఆగిననాడు బాధ్యత మారక సేవ నిలిచిపోతుంది. ఆక్షేపణ సమంజసమే. కాని రెండు నష్టాలూ సమానం కావు. ఆగిన సేవను తిరిగి మొదలుపెట్టవచ్చు. రెండు దారులు పట్టిన సమాచారాన్ని కలపడం మాత్రం రాత వెంట రాత సరిచూడవలసిన పని. 2018లో ఇంజనీర్లు వేగాన్ని వదులుకొని సమాచార సమగ్రతను ఎంచుకోవడం ఈ భేదాన్ని గుర్తించడమే. మనుషులు ఆపదలో పాటించిన ఆ విలువ, యంత్రానికి ముందుగా ఇచ్చిన నియమాల్లో కొరవడింది. సమాచారం పోయినా తిరిగి నిర్మించుకోగల క్యాష్ సర్వర్ల విషయంలో త్వరపడటమే మేలు కావచ్చు. నియమం సేవా స్వభావాన్ని అనుసరించాలి.

5. ముగింపు

2012 నివేదిక నిర్ణయాన్ని యంత్రం నుంచి మనిషికి మార్చింది. 2018 నివేదిక ప్రైమరీ బాధ్యత ప్రాంతపు ఎల్లలు దాటకుండా నియమం మార్చింది. రెండూ అవసరమైన దిద్దుబాట్లే, కాని జరిగిన ప్రమాదానికి పరిమితమైనవి. ప్రైమరీ మౌనానికి తోడు అభ్యర్థి సర్వర్ సన్నద్ధత, సమాచారంలో దాని వెనుకబాటు, అప్లికేషన్ల నుంచి దాని దూరం ఎల్లవేళలా కొలిచినప్పుడే ఆరోగ్య పర్యవేక్షణ ఆ పేరుకు తగినదవుతుంది. ఇలాంటి నివేదికలను చదివేటప్పుడు యంత్రం చెప్పినట్లు చేసిందా అన్న దగ్గర ఆగకుండా, దానికి ఏమి చెప్పారు, ఏమి చెప్పలేదు అన్నంతవరకు పరిశీలన సాగాలి.