డోలు మిగిలింది, కథ ఏది?

హైదరాబాదులో పర్యాటకుల కోసం జరిపిన ఒక ఉత్సవంలో ఒగ్గు డోలు విన్యాసం చూశాను. అతిథులకు స్వాగతం, ఫొటోలు; పది నిమిషాల్లో అంతా ముగిసింది. గొల్లకురుమల వాడల్లో మల్లన్న, బీరప్ప కథలు రాత్రంతా సాగుతాయి. ఆ కథకు ఊతమైన డోలును ఉంచుకుని, ఇక్కడ కథను బయటికి నెట్టారు.

కళాకారుడికి కూలి దొరకడం అవసరమే, నేను కాదనను. కాని కూలి ఇచ్చేవాడే రూపాన్ని శాసిస్తే మిగిలేది శరీరశ్రమ, పోయేది మాట. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టి ఆ మాటకే పదును పెట్టింది.

ఉత్సవాలు వద్దనడం లేదు. రవీంద్రభారతిలో ఒక్క రాత్రయినా పూర్తి కథ చెప్పించాలి. నగరానికి వలస వచ్చిన కూలీలు ముందు వరుసలో కూర్చోవాలి.