సూక్ష్మరుణం – బాలల శ్రమ: ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: సూక్ష్మరుణం, బాలకార్మికత, పని పరిస్థితులు, కుటుంబ వృత్తి, అస్వాన్.

బాలకార్మికతకు పేదరికం, పేదరికానికి పెట్టుబడి లేమి కారణమని అంగీకరిస్తే సూక్ష్మరుణం సహజమైన పరిష్కారంగానే తోస్తుంది. ఆదాయం పెరిగిన ఇంటి బిడ్డ పని మాని బడికి వెళ్తుందన్నది ఈ వాదం. అయితే రుణం ఇంటికి ఆదాయంతో పాటు పనిని కూడా తెస్తుంది. ఆ పని ఎవరి మీద పడుతుందన్నదే ఈ వాదం దాటవేసే ప్రశ్న.

అప్పుతో కొన్న పాడిగేదెనే తీసుకోవచ్చు. దానికి గడ్డి కోయాలి, పేడ తీయాలి, నీళ్లు పెట్టాలి. వారం వారం వాయిదా కట్టే ఇంటికి కూలి మనిషిని పెట్టుకునే స్తోమత ఉండదు. తల్లి ఆ పనిలో పడితే వంట, చంటిబిడ్డ బాధ్యత పెద్దకూతురికి సంక్రమిస్తాయి. పరిశోధనలు కూడా ఈ అనుమానాన్ని బలపరుస్తున్నాయి. మలావీ గ్రామాలపై హజారికా, సారంగి 2008లో ప్రచురించిన అధ్యయనం, రుణసౌకర్యం ఉన్న కుటుంబాల్లో వ్యవసాయ పనులు ముమ్మరంగా సాగే కాలంలో పిల్లలు పనిచేసే అవకాశం పెరిగిందని చూపింది. బంగ్లాదేశ్‌పై ఇస్లాం, చో 2013లో ప్రచురించిన పరిశోధనలో చదువుకు జరిగిన నష్టం బాలికల విషయంలో ఎక్కువగా కనిపించింది. హైదరాబాద్‌లో 104 బస్తీలపై బెనర్జీ, డుఫ్లో, గ్లెనర్‌స్టర్, కినన్ జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల చదువుపై చెప్పుకోదగిన ప్రభావం తేలలేదు.

ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్న ప్రయోగం ఈజిప్టులోని అస్వాన్‌లో జరిగింది. 2000ల దశకంలో కెనడా ప్రభుత్వ సహాయంతో సాగిన పిపిఐసి-వర్క్ పథకం చిన్న వ్యాపారులకు ‘ద్వంద్వ ప్రయోజన రుణాలు’ ఇచ్చింది. వ్యాపారాభివృద్ధి ఒక ప్రయోజనం, అక్కడ పనిచేసే పిల్లల పరిస్థితులను మెరుగుపరచడం రెండవది. పనిచోటులోని ప్రమాదాలను గుర్తించడంలో ఆ పిల్లలనే భాగస్వాములను చేయడం దీని విశిష్టత. పిల్లల మాటకు అంత విలువనిచ్చిన రుణపథకాలు అరుదు.

అయినా ఒక సందేహం మిగులుతుంది. ఇక్కడ పిల్లలను కాపాడగలిగేది అప్పా, లేక అప్పుతో పాటు వచ్చిన పనిచోటు సందర్శనా? రెండింటినీ కలిపి అందించే పథకం ఈ ప్రశ్నకు తనంతట తాను జవాబు చెప్పలేదు. పైగా సందర్శించేవాడు రుణాధికారి. వాయిదాలు సక్రమంగా కట్టే యజమానిని, పిల్లవాడి చేతికి గాయమైందన్న కారణంతో అతడు వదులుకోగలడా? తనిఖీని వసూలుతో ముడిపెట్టడం ఈ నమూనాలోని ప్రధాన బలహీనత.

తెలుగునాట ఇందుకు పూర్తిగా భిన్నమైన వైఖరి రూపుదిద్దుకుంది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఈ రంగంలో కృషి చేసిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించింది. ఆ దృష్టితో చూస్తే ‘మెరుగైన పరిస్థితుల్లో బాలశ్రమ’ అన్న లక్ష్యమే చెల్లదు. చట్టం మాత్రం అంత దూరం వెళ్లలేదు. 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత, సెలవుల్లో ప్రమాదరహితమైన కుటుంబ వృత్తికి వారు సాయపడటాన్ని మినహాయించింది. సూక్ష్మరుణం ప్రధానంగా చేరేది సరిగ్గా ఆ కుటుంబ వృత్తికే. అస్వాన్ పద్ధతిలో కనీసం యజమాని ఎవరో తెలుస్తుంది. ఇక్కడ యజమాని తల్లి, పనిచేసేది కూతురు, జీతం లేదు.

2010లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆర్డినెన్స్ బలవంతపు వసూళ్లను అరికట్టడంపైనే దృష్టి పెట్టింది. వసూలు ఒత్తిడి ఇంటి లోపల ఎవరి శ్రమగా మారుతున్నదో చూడటం దాని పరిధిలోనిది కాదు. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇంటి గడప దాటి లోపలికి వచ్చాయి. ఏటా 3 లక్షల రూపాయల వరకు ఆదాయమున్న కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకుని, నెలసరి వాయిదాల భారం కుటుంబ ఆదాయంలో 50 శాతం మించరాదన్నాయి. ఆ ఆదాయాన్ని అంచనా వేసేందుకు సూచించిన వివరాల్లో కుటుంబ సభ్యులు సంపాదించేవారు, సంపాదించనివారు అని రెండుగా విడిపోతారు. సాయంత్రం పూట గేదెకు గడ్డి కోసే పదేళ్ల పిల్ల రెండవ వర్గంలో చేరుతుంది. ఆమె శ్రమ ఫలితం మాత్రం పాల డబ్బుగా మారి వాయిదా కట్టే శక్తిలో కలిసిపోతుంది.