ఆకు పదును

మా తాతయ్య అరుగు మీద చుట్ట చుడుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని చూడటం చిన్నప్పుడు నాకు పెద్ద కాలక్షేపం. ఆకు గోదావరి లంకల్లోది. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పెరిగే ఆ పొగాకు ఘాటుకు పెట్టింది పేరు.

ఓసారి నేనూ చుడతానని కూర్చున్నాను. ఎండుటాకు అప్పడంలా పొడైపోయింది. ఈసారి నీళ్లలో ముంచి తీశాను. చుట్ట చక్కగా కుదిరింది కానీ ఎన్ని అగ్గిపుల్లలు గీసినా అంటుకోలేదు. తాతయ్య నవ్వి, "ఆకు నలిపితే గలగలమనకూడదు, పిండితే తడి కారకూడదురా" అన్నాడు. నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో కాసేపు చుట్టిపెట్టడమే ఆయన కిటుకు.

పదునెక్కిన ఆకు మధ్య ఈనెను గోటితో చీల్చి తీసేవాడు. రెండు బద్దలొచ్చేవి. కుడి బద్దను ఒక వైపు నుంచి, ఎడమ బద్దను రెండో వైపు నుంచి ఏటవాలుగా చుట్టాలి. అప్పుడే సన్న ఈనెలు చుట్ట పొడవునా ఒదిగిపోతాయి. లేదంటే అడ్డంగా ఉబ్బి, అక్కడే పగులుతుంది. లోపలి ముక్కలను నిలువుగా పేర్చాలి, కుక్కకూడదు. బిగిస్తే దమ్ము రాదు. వదులైతే నిప్పు ఒక పక్కనే పాకుతుంది. నా చుట్టలకు నడుమ ఎప్పుడూ ఓ ముడి ఉండేది. తాతయ్య దాన్ని వేళ్లతో తడిమి, మాట్లాడకుండా విప్పేసేవాడు.

ఓ మధ్యాహ్నం వరసగా చుట్టేసరికి తల తిరిగి వాంతయింది. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుందని పెద్దయ్యాక తెలిసింది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి చదివాక, ఆ విద్య మీద నాకున్న ముచ్చట సగం చచ్చిపోయింది.

మిగిలిన సగం మొన్న ఆత్రేయపురంలో బతికింది. పూతరేకు చుట్టే ఆవిడ తడిగుడ్డతో రేకును ఇలా తాకి అలా మడిచింది. తడి తగ్గితే విరుగుతుంది, ఎక్కువైతే ముద్దవుతుంది. "నేనొకటి చుట్టనా అమ్మా?" అన్నాను. ఒక్క రేకూ చిరగలేదు. తాతయ్య నేర్పిన పదును వేళ్లలోనే ఉంది. చుట్టాలని సరదా పడేవాళ్లకు నా సలహా ఒక్కటే: పొగాకు వద్దు, పూతరేకు పట్టండి.