వెళ్ళొస్తాం అన్నాం

మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు ‘వెళ్తున్నా’ అనకూడదు, ‘వెళ్ళొస్తా’ అనాలి. చిన్నప్పుడు నేను నోరుజారి ‘పోతున్నా’ అంటే అమ్మమ్మ వెనక్కి పిలిచి, కాసిని మంచినీళ్ళు తాగించి, మాట సరిగ్గా అనిపించి పంపేది.

డిగ్రీలో చేరగానే ఎన్.ఎస్.ఎస్.లో పేరిచ్చాను. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో, మొదలైన పథకం. రెండేళ్ళలో 240 గంటల సేవ చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. దాచుకోవడమెందుకు, నేను చేరింది ఆ కాగితం కోసమే. మా నలుగురికీ హైదరాబాద్ శివార్లలో ఒక ఇటుక బట్టీ అప్పగించారు. కూలీలంతా ఒడిశాలో బలాంగీర్ వైపువాళ్ళు. అడ్వాన్సు తీసుకుని కోతలయ్యాక వస్తారు, వానలు పడేలోగా వెళ్ళిపోతారు. కూలి వెయ్యి ఇటుకలకింత అని. ఆ వెయ్యిలో పిల్లల చేతులూ ఉంటాయి. పచ్చి ఇటుకల్ని ఎండకు తిరగేసేది వాళ్ళే.

ఆదివారం పదింటికి వేపచెట్టు కింద పాఠం. మాకు ఒడియా రాదు, వాళ్ళకు తెలుగు రాదు. మొదటి నెలంతా వాళ్ళే మాకు ఎకొ, దుయి, తిని నేర్పారు. ఎనిమిదేళ్ళవాడొకడు లెక్కల్లో మమ్మల్ని మించినవాడు. వందలూ వేలూ వాడికి పుస్తకంలో కనబడ్డవి కావు మరి.

మార్చి వచ్చింది. మా గంటలు నిండాయి, పరీక్షలు ముంచుకొచ్చాయి. ఆ ఆదివారం కూడా అలవాటుకొద్దీ ‘వెళ్ళొస్తాం’ అన్నాం. అప్పటికి పిల్లలకు ఆ ముక్క బాగా అర్థమవుతోంది.

జూన్‌లో ఏదో పనిమీద అటు వెళ్తే గుడిసెలు ఖాళీ. బట్టీ మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. ‘మూడు వారాలు పదింటికల్లా మొహాలు కడుక్కుని కూర్చున్నారు సార్’ అన్నాడు. తిట్టినా బాగుండేది.

పాటలు, ఆటలు, పలకలు పోగుచెయ్యడం, ఎన్.ఎస్.ఎస్.లో అన్నీ నేర్పారు మాకు. మానెయ్యడం ఎలాగో నేర్పలేదు. ఏటా ఊరు మారే పిల్లల దగ్గరికి మనమూ వచ్చి పోయేవాళ్ళమే అయితే, పాఠం కన్నా ముందు వాళ్ళకు అదే గుర్తుంటుంది. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగింది ఎక్కువగా ఆ ఊళ్ళ కుర్రాళ్ళే. వాళ్ళకు సెలవు తీసుకోవాల్సిన అవసరం లేదు, మర్నాడు బావి దగ్గర ఎలాగూ కనబడతారు. కాలేజీ కుర్రాళ్ళకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే, ఈ ఏడు బట్టీలకూ బస్తీలకూ వెళ్తున్న పిల్లల్ని ఒక్కటే అడుగుతున్నా. మీ ఆఖరి ఆదివారం ఏదో నెల ముందే బోర్డు మీద రాయండి. వారంవారం గుర్తుచెయ్యండి. ఆ రోజు మాత్రం ‘వెళ్తున్నాం’ అనే చెప్పండి. అమ్మమ్మలకు నేను చెప్పుకుంటాను.