బేతాళుడి ప్రశ్న, ఆటగాడి జవాబు

మంచి టీవీ సీరీస్ ఏదైనా చూడటం పూర్తికాగానే చాలామందికి వచ్చే ఆలోచన ఒకటుంది: ఇది గేమ్‌గా వస్తే ఎంత బావుంటుందో! నిజానికి గొప్ప సీరీస్‌లలో ఎక్కువ భాగం గేమ్‌కి పనికిరావు. పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి కానీ, అవి మనం మొదట అనుకునేవి కావు. ఇక్కడ నేను గేమ్ అంటున్నది తుపాకులు పేల్చే ఆటల గురించి కాదు. పాత్రలతో మాట్లాడుతూ, నిర్ణయాలు తీసుకుంటూ కథని ముందుకి నడిపే అడ్వెంచర్ గేమ్‌ల గురించి. (డార్క్, బ్రేకింగ్ బాడ్ చూడనివాళ్ళకి ఒక హెచ్చరిక: కథలో కొన్ని ముఖ్యమైన మలుపులు చెప్పక తప్పలేదు.)

ముందుగా ఒక చిన్న లెక్క. కథలో పది చోట్ల ఆటగాడికి రెండేసి దారులు ఇచ్చి, ఏ దారినీ మళ్ళీ కలపకపోతే, చివరికి 1024 ముగింపులు రాయాలి. ఏ రచయితా రాయలేడు, ఏ కంపెనీ డబ్బులు పెట్టదు. అందుకే విడిపోయిన దారులన్నీ కాసేపటికి మళ్ళీ ఒకే చోట కలుస్తాయి. 2012లో టెల్‌టేల్ సంస్థ తీసిన ‘ద వాకింగ్ డెడ్’ దీనికి మంచి ఉదాహరణ. మొదటి ఎపిసోడ్‌లో డగ్, కార్లీ ఇద్దరిలో ఒకరినే కాపాడగలం. ఎవర్ని కాపాడినా, ఆ మనిషి మూడో ఎపిసోడ్‌లో చనిపోతాడు. ఇది తెలిశాక చాలామంది “అంతా మోసం, మనం ఏం ఎంచుకున్నా ఒకటే” అని కోప్పడ్డారు.

ఆ కోపం న్యాయమైనదేనా? నాకలా అనిపించదు. ఆ ఆటలో లీ అనేవాడు క్లెమెంటైన్ అనే చిన్నపిల్లని వెంటపెట్టుకుని తిరుగుతుంటాడు. మనం చేసే ప్రతి పనీ ఆ పిల్ల చూస్తుంటుంది. దొంగతనం చేస్తే చూస్తుంది, అబద్ధం చెప్తే వింటుంది. కథ ఎక్కడ ఆగుతుందన్నది మన చేతుల్లో లేదు. అక్కడిదాకా ఎలాంటి మనిషిగా వెళ్ళామన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఇది తక్కువేం కాదు.

ఈ కొలతతో చూస్తే బ్రేకింగ్ బాడ్ గేమ్‌కి అస్సలు నప్పదు. మొదటి సీజన్‌లోనే వాల్టర్ వైట్‌కి పాత స్నేహితుల నుంచి వైద్యం ఖర్చంతా భరిస్తామని మాట వస్తుంది. అతను వద్దంటాడు. ఆ ‘వద్దు’లోనే కథంతా ఉంది. గేమ్‌లో ఆ చోట మనకి రెండు దారులూ ఇస్తే, ‘సరే’ అన్నవాడికి అక్కడితో కథ అయిపోతుంది. ‘వద్దు’ ఒక్కటే ఇస్తే అది ఆటే కాదు. వాల్టర్ పతనం బయట నుంచి చూడాల్సిందే. అతని అహంకారం అతనిది. మన చేతికి కంట్రోలర్ ఇచ్చేస్తే అది పలచబడిపోతుంది.

మరి డార్క్? 2017 నుంచి 2020 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ జర్మన్ సీరీస్‌లో జరిగింది జరిగే తీరుతుంది. ఇష్టాలకీ ఎంపికలకీ విలువే లేని కథ కదా, గేమ్ ఎలా అవుతుంది అనిపిస్తుంది. నాకైతే సరిగ్గా అందుకే అవుతుందనిపిస్తుంది. ఉల్రిక్ అనే పోలీసాయన తప్పిపోయిన కొడుకుని వెతుక్కుంటూ 2019 నుంచి 1953కి వెళ్ళిపడతాడు. పెద్దయ్యాక పిల్లల్ని మాయం చేస్తాడని అతను నమ్మిన హెల్గె, అక్కడ ఇంకా చిన్నపిల్లాడు. ఉల్రిక్ రాయి ఎత్తుతాడు. 2019లో ముసలి హెల్గె ముఖం మీద మచ్చ మనం ముందే చూసి ఉంటాం. ఆ మచ్చ ఎలా వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

టీవీలో ఆ దృశ్యం చూస్తూ మనం ఉల్రిక్‌ని తిట్టుకోవచ్చు. అదే రాయి మన చేతిలో ఉంటే? కొట్టకుండా వెనక్కి తిరిగినా, మచ్చ ఇంకో కారణంతో వస్తుందనుకోండి. మచ్చ ఎలాగూ తప్పదు. అది నా వల్ల వచ్చిందా, నేను కాదన్నా వచ్చిందా అన్నది మాత్రం నాకూ నా మనస్సాక్షికీ మధ్య విషయం. మిగతా గేమ్‌లు దాచుకునే దారులు కలిపే కిటుకుని డార్క్ నలుగురి ముందూ ఒప్పుకుని, దాన్నే కథావస్తువు చేసుకోగలదు.

ద వైర్ సంగతి వేరు. బాల్టిమోర్ పోలీసులూ, మాదకద్రవ్యాలు అమ్మే కుర్రాళ్ళ కథ ఇది. మొదటి సీజన్‌లో పబ్లిక్ ఫోన్లని ట్యాప్ చేయడానికి కోర్టు అనుమతి ఉంటుంది. అయితే ఫోన్ దగ్గర ఉన్నది తాము వెతుకుతున్న మనిషే అని ఎవరో ఒకరు కళ్ళతో చూసి చెప్పాలి. అందుకని ఒకరు మేడ మీద బైనాక్యులర్స్‌తో, ఇంకొకరు కింద హెడ్‌ఫోన్స్‌తో. పేజర్లలో వచ్చే నంబర్లకో గుప్తభాష. వీధిలో పనికిరాడని ఆఫీసులో కూర్చోబెట్టిన ప్రెజ్ దాన్ని విప్పుతాడు: ఫోన్ బటన్ల మీద 5ని దాటి అవతలి అంకె నొక్కాలి, 1కి బదులు 9, 2కి బదులు 8, 5కీ సున్నాకీ చోట్లు మారతాయి. పజిల్ డిజైనర్ ఇంతకన్నా ఏం కోరుకుంటాడు? పైగా ఇక్కడ పజిల్ విప్పినా గెలుపు ఉండదు. పై అధికారికి కావలసింది కేసు కాదు, కాగితం మీద అంకెలు. ఆఫీసులో పనిచేసే ఎవరికైనా ఈ ఆట చప్పున అర్థమవుతుంది. ఒక్క షరతు: ఆటగాడు మెక్‌నల్టీ కాకూడదు. టెల్‌టేల్ తన గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో స్టార్క్‌లని పక్కన పెట్టి ఫారెస్టర్ అనే చిన్న వంశాన్ని తీసుకుంది. ప్రసిద్ధ పాత్రల గతి మనకి ముందే తెలుసు, పక్కనున్నవాళ్ళది తెలీదు.

మనవాటిలో? నా ఓటు అమృతానికి. నవ్వకండి. 1990లో వచ్చిన మంకీ ఐలండ్ లాంటి పాత గేమ్‌లలో హీరో ఓడిపోవడమే హాస్యం. కత్తియుద్ధం కూడా తిట్లకి సరైన తిరుగుతిట్టు వెతుక్కుని గెలవాలి. అమృతరావు వేసే ప్లాన్లు, ఆంజనేయులు చెప్పే వద్దులు, హోటల్లో సర్వం, అద్దె కోసం అప్పాజీ, ఇదంతా అదే వ్యాకరణం. ప్రతి వారం ప్లాన్ తలకిందులవుతుందని మనకి తెలుసు. ఎలా అవుతుందో చూడటానికే కూర్చునేవాళ్ళం. అప్పాజీకి ఏ సాకు చెప్పాలో నాలుగు వాక్యాల్లోంచి ఎంచుకోమంటే, నాలుగూ బెడిసికొట్టేవే అని తెలిసినా నేను నాలుగూ నొక్కి చూస్తాను.

నిజానికి ఈ రకం ఆటకి నమూనా మనకి కొత్తదేం కాదు. విక్రమ్ ఔర్ బేతాల్ 1985లో దూరదర్శన్‌లో వచ్చింది. అంతకుముందే చందమామ మనకి ఆ శవాన్నీ ఆ చెట్టునీ నెలనెలా చూపించింది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. ఏ జవాబు చెప్పినా దారి మళ్ళీ ఆ చెట్టు దగ్గరికే. అయినా ఎవరూ దాన్ని మోసం అనలేదు. ఎందుకంటే రాజు ప్రయాణం కన్నా అతని తీర్పే మనకి ముఖ్యం.

కాబట్టి ఏ సీరీస్ గేమ్ కావాలో తేల్చడానికి నేను అడిగే ప్రశ్న ఇది: ఇందులో బేతాళుడు ఉన్నాడా? హీరో ఏం చేస్తాడో చూడాలనిపించే కథలు టీవీలోనే బావుంటాయి. నేనైతే ఏం చేసేవాణ్ణో అని ఇబ్బంది పెట్టే కథలు మాత్రం మన చేతికి రావాలి. బేతాళ పంచవింశతిలో చివరి ప్రశ్నకి రాజు దగ్గర జవాబు లేదు, ఊరుకుండిపోతాడు. టెల్‌టేల్ ఆటల్లోనూ గడువులోపు ఏదీ నొక్కకపోతే మౌనమే మన జవాబవుతుంది. నన్ను అంత నిజాయితీగా ఊరుకోబెట్టగలిగిన కథ ఏ దేశం నుంచి వచ్చినా, అది గేమ్‌గా రావాలనే కోరుకుంటాను.