మెడలో ఒక అడ్డు, తలలో మరొకటి

కెరోటిడ్ ధమని మెడలో రెండుగా చీలే చోట కొవ్వు పేరుకుని నాళం మూసుకుపోతుంది. అక్కడి గడ్డ నుంచి ఓ ముక్క తెగి మెదడు ధమనిలో ఇరుక్కుంటుంది. చెయ్యీ కాలూ పడిపోతాయి, మాట పోతుంది. ఒకే దారిలో ఇలా రెండు అడ్డంకులుంటే ‘టాండమ్ అక్లూజన్’ అంటారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇస్తారు గానీ, ఇంత పెద్ద గడ్డ దానికి లొంగడం అరుదు. ఇక మిగిలింది చేతిపని.

ఆ పని కంటితో మొదలవుతుంది. మామూలు సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక, చేతికి డై ఎక్కించి సీటీ యాంజియో తీస్తారు. మెడలో నాళం సన్నబడుతూ మాయమైతే అడ్డు అక్కడే ఉందనిపిస్తుంది. గడ్డ తల లోపల ఉన్నా బొమ్మ అచ్చం ఇలాగే రావచ్చు. పైన దారి లేక రక్తం నిలిచిపోతుంది, డై అంతవరకూ చేరదు. నేర్పరి ఆ ఒక్క బొమ్మను నమ్మడు. కొన్ని సెకన్లు ఆగి తీసిన రెండో బొమ్మలో డై మెల్లగా పైకి పాకితే, మెడలో కనిపించింది ఉత్త భ్రమ.

గజ్జ దగ్గర ధమనిలోంచి గొట్టం పైకి వెళ్లాక అసలు తర్జనభర్జన: ముందు మెడా, తలా? ఏది మేలో వైద్యుల్లో ఇంకా తేలలేదు. నాకు మాత్రం తల ముందు అనేవారి లెక్క ముచ్చటగా తోస్తుంది. వాళ్లు మెడలోని అడ్డును ఎలాగో దాటి తిన్నగా పైకి పోతారు. పై గడ్డ తీస్తే చాలు, చాలామందిలో అవతలి వైపు కెరోటిడ్ రక్తం విల్లిస్ వలయం మీదుగా ఇటు వచ్చేస్తుంది. పెద్ద కాలువ తూము పూడినా పక్క కాలువ నీటితో చివరి పొలం బతికినట్టు. మెడ సంగతి నింపాదిగా ఆలోచించుకోవచ్చు.

గడ్డను తీసే తీరు చూడాలి. సన్నని గొట్టాన్ని గడ్డ అవతలికి దూర్చి, లోపలి నిటినాల్ వలను విప్పుతారు. వల గడ్డలోకి దిగబడేదాకా కొన్ని నిమిషాలు ఊరికే ఆగుతారు. నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు పోతాయని తెలిసీ ఆగడమే ఇందులో నన్ను అబ్బురపరిచేది. అప్పుడు కింది గొట్టం చివర బెలూన్ ఉబ్బించి ప్రవాహం ఆపి, సిరంజితో పీలుస్తూ వలను లాగుతారు. ప్రవాహం ఆపకపోతే తెగిన ముక్కలు మళ్లీ పైకి కొట్టుకుపోవచ్చు. 2015లో అచ్చయిన అయిదు ట్రయల్స్‌తో ఈ వల స్ట్రోక్ వైద్యంలో స్థిరపడింది.

ఆ తర్వాత మెడ. స్టెంట్ వేస్తే అది మూసుకుపోకుండా రక్తం పల్చబరిచే మందులివ్వాలి. అప్పటికే దెబ్బతిన్న మెదడులో వాటివల్ల రక్తస్రావం కావచ్చు. అందుకే కొందరు బెలూన్‌తో కాస్త వెడల్పు చేసి స్టెంట్‌ను వాయిదా వేస్తారు. ఆ బెలూన్ ఉబ్బినప్పుడు గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు, కాబట్టి అట్రోపిన్ పక్కనే ఉండాలి. స్టెంట్ వేసినా వెంటనే గొట్టాలు తీసెయ్యరు. కాసేపు ఆగి, మెడలో కొత్త గడ్డేమైనా కడుతోందా, తలలోకి ఏ ముక్కయినా జారిందా అని మరోసారి డై పంపి చూస్తారు.