పేరును మింగే మతం: ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ నవలలో నామరాహిత్యం

ఉర్సులా కె. లె గ్విన్ (1929-2018) సృష్టించిన ఎర్త్‌సీ అనే కాల్పనిక ద్వీపలోకంలో ప్రతి వస్తువుకూ ప్రాచీన భాషలో ఒక నిజనామం ఉంటుంది. అది తెలిసిన మాంత్రికుడికి ఆ వస్తువు వశమవుతుంది. అందుకే అక్కడి మనుషులు తమ నిజనామాన్ని దాచుకుని, వ్యవహారానికి మరో పేరు వాడతారు. శిశువుకు రహస్యనామం పెట్టాలన్న గృహ్యసూత్రాల విధిని ఎరిగిన పాఠకుడికి ఇది వింతగా తోచదు. 1968లో వెలువడిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ని మాత్రమే చదివినవారు, ఈ లోకంలో నామజ్ఞానమే అధికారమని సులువుగా నిర్ధారించవచ్చు. 1971 నాటి ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ ఆ నిర్ధారణకు లొంగదు.

కార్గుల దేశంలోని అటువాన్ సమాధుల దగ్గర పూజలందుకునే శక్తులకు పేర్లే లేవు. వారు ‘పేరులేనివారు’. వారి ప్రధాన పూజారిణి మరణించిన రాత్రి పుట్టిన ఆడపిల్లను ఆమె పునర్జన్మగా భావించి, ఐదేళ్ల వయసులో తల్లి నుంచి వేరుచేస్తారు. మరుసటి ఏడు, బలిని అభినయించే క్రతువులో ఆమెకున్న తెనార్ అనే పేరును తీసివేస్తారు. అప్పటినుంచి ఆమె అర్హ. తెలుగు చెవికి యోగ్యురాలన్న అర్థం స్ఫురించినా అది ధ్వనిసామ్యం మాత్రమే. నవలలో ఆ మాటకు ‘మింగబడినది’ అని అర్థం. ఈ క్రతువు కథకు అలంకారం కాదు. తెనార్ అన్న పేరు నిలిచి ఉంటే ఆమె ఒక తల్లి కన్న బిడ్డ; ఆ పేరు పోతేనే ఆద్యంతాలు లేని ఏకైక పూజారిణి. ఆ మతసిద్ధాంతమంతా ఒక పసిపిల్ల మరపు మీద ఆధారపడి ఉంది.

సమాధుల కింది చిక్కుదారుల్లో బందీ అయిన గెడ్ ఆమెను ‘తెనార్’ అని పిలుస్తాడు. దీనిని నిజనామ మంత్రప్రయోగంగా చదవడం పొరపాటు. కార్గులకు నిజనామాన్ని దాచే ఆచారం లేదు. తెనార్ అన్నది ఇంట్లో అందరూ పిలిచిన పేరు. దాని బలం రహస్యంలో లేదు, దేవాలయానికి ముందు ఆమెకొక జీవితం ఉందనడానికి అది సాక్ష్యం కావడంలో ఉంది. పైగా ఆ పేరుతో గెడ్ ఆమెను వశపరచుకోడు. తన నిజనామాన్ని కూడా ఆమెకు చెప్పి, తన ప్రాణాన్ని ఆమె చేతిలో పెడతాడు.

అయినా ఒక లోపం మిగులుతుంది. ఆమె తాను తెనార్‌నని తరువాత స్వయంగా పలికినా, ఆ పేరు మొదట వినిపించింది పురుష మాంత్రికుడి నోటినుంచే. స్త్రీకి ప్రవేశం లేని రోక్ విద్యాలయంలో నేర్చిన విద్యే ఆ స్త్రీ విముక్తికి మూలమైంది. ‘తెహాను’ (1990) ఈ అమరికను సవరించింది. అందులో మాంత్రికుడైన ఓజియన్ మరణవేళ తన నిజనామాన్ని, మంత్రవిద్యను కాదని గృహిణిగా బతికిన తెనార్‌కు చెబుతాడు. ఆమె పెంచుకున్న, కాలిన గాయాల బాలిక థెర్రుకు నిజనామం రోక్ మాంత్రికుడి నుంచి రాదు. కలెస్సిన్ అనే డ్రాగన్ ఆమెను ‘తెహాను’ అని పిలుస్తుంది.